ఇంటి ప్రింటర్‌లో మ్యాప్ స్పష్టంగా రావాలంటే: ఫైలు వెతకడం నుంచి కాగితాలు అతికించే దాకా

"ఫోన్‌లో సందు సందూ కనిపిస్తోందండీ, ప్రింట్ తీస్తే మాత్రం పేర్లన్నీ అలికేసినట్టు వస్తున్నాయి. ప్రింటర్ మార్చాలా?" మా అపార్ట్‌మెంట్‌లో ఈ ప్రశ్న అడగనివాళ్లు తక్కువ. మార్చక్కర్లేదు. మామూలు ఇంక్ ట్యాంక్ ప్రింటర్ కూడా రెండు మిల్లీమీటర్ల అక్షరాన్ని శుభ్రంగా అచ్చు వేయగలదు. తప్పు చాలావరకు దానికిచ్చిన ఫైలులోనే ఉంటుంది. అందుకే ఇక్కడ ప్రింటర్ సంగతి బాగా చివర్లో వస్తుంది.

ఉదాహరణకి విశాఖపట్నంలో ఏటా ఆషాఢ పౌర్ణమికి కొండ చుట్టూ నడిచే సింహాచలం గిరి ప్రదక్షిణ దారినే తీసుకుందాం. తొలిపావంచా (కొండ కింద మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్లీ కొండ దగ్గరికి చేరే సుమారు 32 కిలోమీటర్ల దారి. ఆ జనంలో సిగ్నల్‌ని నమ్మలేం, తెల్లవారుజాముకి ఫోన్ బ్యాటరీని అసలే నమ్మలేం. మా ఇంట్లో నడిచేవాళ్ల కోసం ఈ దారి మ్యాప్ ప్రింట్ తీస్తూ, చేయగలిగిన తప్పులన్నీ నేను చేసేశాను.

## 1. వెతకడానికి ముందు కాగితం లెక్క

అందరూ ముందు మ్యాప్ వెతికి, తర్వాత దాన్ని కాగితంలో ఇరికిస్తారు. తిరగెయ్యాలి. ముందు కాగితం, తర్వాత మ్యాప్.

ఏ4 కాగితం 21 × 29.7 సెంటీమీటర్లు. చుట్టూ ఒక సెంటీమీటరు అంచు వదిలితే మనకు మిగిలేది 19 × 27.7. అందులో ఎంత ఊరు పడుతుందో స్కేల్ చెబుతుంది:

- 1:10,000 (1 సెం.మీ.కి 100 మీటర్లు): 1.9 × 2.8 కి.మీ. ఒక కాలనీ, సందులతో సహా.
- 1:25,000 (1 సెం.మీ.కి 250 మీటర్లు): 4.75 × 6.9 కి.మీ. నాలుగైదు పేటలు, ముఖ్యమైన వీధులు.
- 1:50,000 (1 సెం.మీ.కి 500 మీటర్లు): 9.5 × 13.9 కి.మీ. పెద్ద రోడ్లు, కొండలు, ఊళ్ల పేర్లు.

ప్రదక్షిణ దారి తూర్పు పడమరలుగా సుమారు 15 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా ఆరేడు కిలోమీటర్లు ఉంటుంది. 1:60,000 స్కేల్‌లో ఒక్క ఏ4 అడ్డంగా పెడితే సరిపోతుంది, కానీ జంక్షన్ల దగ్గర సందులు కనబడవు. 1:25,000 అయితే బొమ్మ 60 × 28 సెంటీమీటర్లు అవుతుంది. కాగితాలు అడ్డంగా పరిస్తే ఆరు కావాలి. అదే నిలువుగా పరిచి, పైనా కిందా అంచులు కాస్త కోసుకుంటే నాలుగు చాలు. ఈ లెక్క వేసుకోక మొదటిసారి ఆరు కాగితాలు ఖర్చు పెట్టాను. అందులో రెండింటి మీద ఖాళీ కొండ తప్ప ఏమీ లేదు.

మొదలుపెట్టే ముందు ఈ మూడూ రాసుకోండి:

- ఎవరు చూస్తారు? (కళ్లజోడు మర్చిపోయే పెద్దవాళ్లయితే అక్షరాలు పెద్దవి కావాలి.)
- ఎక్కడ చూస్తారు? (నడుస్తూ, వీధి దీపం కింద అంటే రంగులు తక్కువ, గీతలు లావు.)
- ఏం తెలియాలి? (దారి మాత్రమేనా, చుట్టుపక్కల సందులు కూడానా?)

## 2. స్క్రీన్‌షాట్ ఎందుకు పనికిరాదు

మ్యాప్ ఫైళ్లు రెండు రకాలు. ఒకటి చుక్కల బొమ్మ: స్క్రీన్‌షాట్, జేపీజీ, పీఎన్‌జీ. పెద్దది చేస్తే చుక్కలు విడిపోతాయి. రెండోది గీతల ఫైలు: వెక్టార్ పీడీఎఫ్, ఎస్‌వీజీ. ఇందులో రోడ్డు ఒక గీతగా, పేరు అక్షరాల ఆకారంగా ఉంటాయి కాబట్టి ఎంత పెంచినా అంచు చెదరదు.

శుభ్రమైన ప్రింట్‌కి అంగుళానికి 300 చుక్కలు కావాలి. నిండు ఏ4కి అది 2480 × 3508 చుక్కలు. ఇప్పుడు 1080 చుక్కల వెడల్పున్న ఫోన్ స్క్రీన్‌షాట్‌ని 19 సెంటీమీటర్లకు సాగదీస్తే అంగుళానికి దక్కేవి 144. లావు రోడ్లు బాగానే వస్తాయి, చిన్న అక్షరాల పొట్టలు మాత్రం పూడుకుపోతాయి. అదే స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపుకుంటే అది ఇంకా కుదించేస్తుంది. పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి.

పీడీఎఫ్ అని పేరుండగానే సంబరపడకండి. స్కాన్ చేసిన పాత మ్యాప్‌ని కూడా పీడీఎఫ్‌లో పెట్టేస్తారు. వార్డు మ్యాపులు, లేఅవుట్ ప్లాన్లలో ఇది మరీ ఎక్కువ. చిన్న పరీక్ష: ఫైలు తెరిచి 800 శాతానికి పెంచి, ఒక వీధి పేరు అంచు చూడండి. నున్నగా ఉంటే గీతల ఫైలు. మెట్లు మెట్లుగా, చుట్టూ మసకగా ఉంటే స్కాన్. స్కాన్ అయితే అసలు సైజులోనే ప్రింట్ తీయాలి, పెంచకూడదు.

## 3. ఏ మ్యాప్ దేనికి

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్: అందరూ కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్ సైటు. ఇంటి ప్రింటర్‌కి నేను మొదట వెళ్లేది ఇక్కడికే. స్కేల్ మనమే పెట్టి పీడీఎఫ్ దించుకోవచ్చు. పద్ధతి తర్వాతి భాగంలో.

మ్యాప్‌ఓఎస్‌మాటిక్: ప్రింట్ డాట్ గెట్-మ్యాప్ డాట్ ఆర్గ్ అనే సైటులో ఉంటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతోనే గళ్లు గీసి, పక్కన వీధుల పట్టిక వేసి, ఏ4, ఏ3 లాంటి కాగితం సైజుకి పీడీఎఫ్ చేసి ఇస్తుంది. మధురవాడలో ఫంక్షన్ హాల్‌కి వచ్చే పొరుగూరి చుట్టాలకు ఇవ్వాలంటే ఇది బ్రహ్మాండం. మన వంతు వచ్చేదాకా కాసేపు ఆగాలి. తయారైన ఫైలు వెంటనే దించుకోండి, అక్కడ శాశ్వతంగా ఉంచరు.

సర్వే ఆఫ్ ఇండియా: కేంద్ర ప్రభుత్వ మ్యాపుల సంస్థ. దీని ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో ఖాతా తెరిస్తే 1:50,000 ఓపెన్ సిరీస్ షీట్లు పీడీఎఫ్‌గా దొరుకుతాయి. కొండలు, గెడ్డలు (వాగులు), ఎత్తు గీతలు కావాలంటే ఇవే. కానీ ఒక్కో షీటు 15 నిమిషాల అక్షాంశం, 15 నిమిషాల రేఖాంశం మేర ఉంటుంది, అంటే కాగితం మీద సుమారు 55 × 53 సెంటీమీటర్లు. ఏ4లో ఇరికిస్తే సగం కన్నా తక్కువకు కుంచించుకుపోయి అక్షరాలు చీమ తలకాయల్లా తయారవుతాయి. మనకు కావలసిన ముక్క మాత్రమే అసలు సైజులో తీసుకోవాలి.

విశాఖ వాళ్లకి ఇంకో తిప్పలు. 83°15' రేఖాంశం, 17°45' అక్షాంశం రెండూ సింహాచలం దగ్గర్లోనే కలుస్తాయి. దాంతో ప్రదక్షిణ దారి ఏకంగా నాలుగు షీట్ల మీద పడుతుంది. ఇక పోర్టు, నేవీ పరిసరాల్లో ఖాళీ కనిపిస్తే ఫైలు పాడైందని మళ్లీ మళ్లీ డౌన్‌లోడ్ చేయకండి. రక్షణపరంగా ముఖ్యమైన చోట్లు ఈ సిరీస్‌లో చూపకూడదని 2005 జాతీయ మ్యాప్ విధానంలోనే పెట్టారు.

గూగుల్ మ్యాప్స్: దారి వెతకడానికి సాటి లేదు, ప్రింట్‌కి అంతంతమాత్రం. కంప్యూటర్‌లో కంట్రోల్, పీ కలిపి నొక్కితే పైన నోట్ రాసుకునే పెట్టెతో ప్రింట్ పేజీ వస్తుంది. పేర్లు పలచని బూడిద రంగులో చిన్నగా ఉంటాయి. శాటిలైట్ బొమ్మ జోలికి అస్సలు వెళ్లొద్దు. కాగితమంతా ముదురు పచ్చగా నాని, ఇంకు ఖర్చు తప్ప ఏమీ తేలదు. మన గుర్తులు పెట్టుకోవాలంటే గూగుల్ మై మ్యాప్స్‌లో ప్రింట్ మ్యాప్ అని ఉంది, కాగితం సైజు ఎంచుకుని పీడీఎఫ్ తీసుకోవచ్చు.

మాస్టర్ ప్లాన్ షీట్లు పెద్ద కాగితం కోసం గీసినవి. ఇంట్లో ప్రయత్నించకండి. ప్లాన్ ప్రింట్లు తీసే జిరాక్స్ షాపుకి పెన్ డ్రైవ్ తీసుకెళ్లండి.

## 4. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి పీడీఎఫ్, వరుసగా

ఫోన్‌లో కుస్తీ పడకుండా కంప్యూటర్ ముందు కూర్చోండి. ఇంట్లో లేకపోతే నెట్ సెంటర్లో పది నిమిషాల పని.

1. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డాట్ ఆర్గ్ తెరిచి, కావలసిన ప్రాంతం మొత్తం స్క్రీన్‌లో పట్టేలా జరపండి.
2. కుడి పక్క గుర్తుల వరుసలో లేయర్స్ నొక్కి, స్టాండర్డ్ ఉందో లేదో చూడండి.
3. అదే వరుసలో షేర్ గుర్తు నొక్కండి. కింద ఇమేజ్ అనే భాగం వస్తుంది. లాగిన్ అడిగితే ఉచిత ఖాతా తెరవండి.
4. కస్టమ్ డైమెన్షన్స్ దగ్గర టిక్ పెట్టండి. మ్యాప్ మీద ఒక చట్రం వస్తుంది. మూలలు లాగి అనవసరమైన సముద్రాన్నీ కొండనీ బయటికి నెట్టేయండి.
5. ఫార్మాట్ దగ్గర పీడీఎఫ్ ఎంచుకోండి.
6. స్కేల్ పెట్టెలో మనం లెక్క వేసుకున్న సంఖ్య రాయండి, ఉదాహరణకి 25000.
7. డౌన్‌లోడ్ చేసి, వెంటనే తెరిచి, మనకు కావలసిన పేర్లు ఉన్నాయో లేదో చూడండి.

ఏడో మెట్టు దాటేయకండి. స్కేల్ సంఖ్య మారితే బొమ్మ సైజు ఒక్కటే మారదు, ఏ పేర్లు కనిపించాలో కూడా మారిపోతుంది. 50000 పెడితే సందుల పేర్లు మాయం. 10000 పెడితే అన్నీ వస్తాయి కానీ నాలుగు కాగితాలు ఇరవై నాలుగు అవుతాయి. నేను సాధారణంగా 15000, 20000, 25000 మూడూ దించి పక్కపక్కన పెట్టి చూస్తాను. పెద్ద ప్రాంతానికి చిన్న సంఖ్య అడిగితే సైటు ఒప్పుకోదు. అప్పుడు రెండు ముక్కలుగా, మధ్యలో ఒక జంక్షన్ రెండింటిలోనూ ఉండేలా తీసుకోండి.

అక్కడ రాసిన స్కేల్ కాగితం మీద అచ్చంగా అంతే ఉంటుందని నమ్మకండి. ఆన్‌లైన్‌లో రెండు జంక్షన్ల మధ్య తిన్నగా గీత గీసినంత దూరం కొలిచి, ప్రింట్ మీద అవే రెండింటి మధ్య స్కేలు పెట్టి చూడండి. మీ లెక్కలో తేలినదాన్నే మ్యాప్ మూల పెన్‌తో రాయండి.

## 5. అక్షరాలు పెద్దవి కావాలంటే

ఇది చాలామందికి తెలియని కిటుకు. ఏ పేర్లు రావాలో ఫైలు స్కేల్ తేలుస్తుంది, అవి ఎంత పెద్దగా ఉండాలో ప్రింట్ శాతం తేలుస్తుంది. రెండూ వేర్వేరు.

కాబట్టి చట్రాన్ని నిండు ఏ4కి కాకుండా ఏ5కి సరిపోయేలా, అంటే సుమారు 14 × 20 సెంటీమీటర్లు వచ్చేలా పెట్టండి. ప్రింట్ తీసేటప్పుడు 141 శాతానికి పెంచండి. గీతల ఫైలు కాబట్టి ఎక్కడా మసకబారదు, ప్రతి అక్షరమూ దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. ప్రాంతం సగమే పడుతుంది, అది తప్పదు. మా పిన్నికి ఇలాగే తీసిచ్చాను. వీధి దీపం కింద కళ్లజోడు లేకుండా "వెంకోజీపాలెం" అని చదివేసింది.

పరీక్షకి కొలత: ప్రింట్‌లో అతి చిన్న పేరు ఎత్తు రెండు మిల్లీమీటర్లు ఉండాలి. చేతిలో పట్టుకుని నడిచేదైతే మూడు.

## 6. ఇంకు తాగే సముద్రం, పేర్లు మింగే కొండ

విశాఖ మ్యాప్‌కి ఉన్న చిక్కు ఇదే. తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా పోతుంది. బీచ్ రోడ్డుని చదరంగా కోస్తే కింద కుడివైపు సగం బంగాళాఖాతమే. ఆ నీలం అచ్చు వేయడానికి ప్రింటర్ తాగే ఇంకుతో మామూలు పేజీలు ఎన్నో వస్తాయి. పైగా పలచని కాగితం అక్కడ నాని ముడుచుకుపోతుంది.

- చట్రం కుడి అంచుని తీరానికి వీలైనంత దగ్గరికి తెండి.
- పొడవైన తీరాన్ని ఒకే చదరంలో కాకుండా, మెట్లలా రెండు మూడు చిన్న చదరాలుగా తీయండి.
- తప్పని సముద్రం మీద ఒక తెల్ల కాగితం ముక్క అతికించి, ఫోన్ నంబర్లు, కలుసుకునే చోటు, మందుల వేళలు రాయండి. ఖాళీ జాగా వృథా పోదు.
- ఓపిక ఉంటే పీడీఎఫ్ బదులు ఎస్‌వీజీ దించి, ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి సముద్రం రంగుని తెలుపు చేయండి. ఫైలు బరువుగా ఉంటుంది, పాత కంప్యూటర్ మొరాయిస్తుంది.

కొండది ఇంకో కథ. ప్రదక్షిణ దారి కొండ చుట్టూ కదా, మధ్యంతా అడవి పచ్చదనమే. రంగు ప్రింట్‌లో బాగానే ఉంటుంది. నలుపు తెలుపులో అది బూడిద ముద్దయి, అంచునే ఉన్న అడవివరం పేరు అందులో కలిసిపోతుంది.

## 7. నలుపు తెలుపు ప్రింటర్ ఉన్నవాళ్లకి

స్టాండర్డ్ మ్యాప్‌లో పెద్ద రోడ్లు నారింజ, గులాబీ ఛాయల్లో, ఆ తర్వాతివి పసుపులో, వీధులు తెలుపులో ఉంటాయి. లేజర్ ప్రింటర్‌కి పసుపూ తెలుపూ ఒక్కటే. జాతీయ రహదారి 16 తేలుతుంది, దాన్నుంచి విడిపోయే రోడ్డు మాయమవుతుంది.

ముందుగా ప్రింట్ ప్రివ్యూలో బ్లాక్ అండ్ వైట్ ఎంచుకుని స్క్రీన్ మీదే చూడండి. కాగితం ఖర్చు లేదు. దారి విడిగా కనిపించకపోతే:

- ప్రింట్ వచ్చాక దారి పొడవునా నల్ల స్కెచ్ పెన్‌తో గీయండి. చేత్తో గీసిందే అన్నిటికన్నా బాగా కనిపిస్తుందని నా అభిప్రాయం.
- టోనర్ సేవ్ మోడ్ తీసేయండి. సన్న గీతలు మొదట చచ్చేది దానివల్లే.
- కాంట్రాస్ట్ కాస్త పెంచండి, బ్రైట్‌నెస్ ముట్టుకోకండి.

## 8. ప్రింట్ బటన్ నొక్కే ముందు

బ్రౌజర్ నుంచి నేరుగా కాకుండా, ఫైలుని అడోబీ రీడర్‌లో తెరిచి ప్రింట్ ఇవ్వండి. అక్కడ ఇవి చూడండి:

- సైజు దగ్గర యాక్చువల్ సైజ్ (అక్షరాలు పెంచుకునేవాళ్లయితే కస్టమ్ స్కేల్ 141). ఫిట్ ఉంటే స్కేల్ మారిపోతుంది.
- ఒకటికన్నా ఎక్కువ కాగితాలైతే పోస్టర్. అందులో ఓవర్‌ల్యాప్ 1 సెంటీమీటరు, కట్ మార్క్స్‌కి టిక్.
- పోర్ట్రెయిట్, ల్యాండ్‌స్కేప్ రెండూ మార్చి చూసి, ఏది తక్కువ కాగితాలు అడుగుతుందో అది.
- క్వాలిటీ హై. డ్రాఫ్ట్ వద్దు.
- కాగితం 80 జీఎస్ఎమ్‌కి తగ్గకుండా. ఇంక్‌జెట్‌కి 100 అయితే ఇంకా మేలు.

మన ఊళ్లో మరో జాగ్రత్త. సముద్రపు గాలికి విప్పి వదిలేసిన కాగితాల కట్ట చెమ్మ పీలుస్తుంది. అంచులు వంకర తిరుగుతాయి, ఇంకు పాకుతుంది, రోలర్‌లో ఇరుక్కుంటుంది. కట్టని ప్లాస్టిక్ కవర్‌లో మూసి ఉంచి, కావలసినన్నే తీయండి.

మొత్తం ఒకేసారి ప్రింట్ ఇవ్వకండి. అన్నిటికన్నా ఇరుకైన జంక్షన్ ఉన్న పేజీ ఒక్కటి ముందు తీయండి. అది చదవగలిగితే మిగతావి వాటంతటవే బాగుంటాయి.

## 9. కాగితాలు అతికించడం

ఒకసారి నాలుగు పేజీల్లో మూడోది ఇరుక్కుపోతే దాన్నొక్కదాన్నే మళ్లీ తీశాను. ఆ తొందరలో సెట్టింగ్ ఫిట్‌కి మారిపోయిందని చూసుకోలేదు. అతికిస్తే ఇసుకతోట దగ్గర రోడ్డు మెట్టు దిగినట్టు అర సెంటీమీటరు కిందికి జరిగింది. ఎటు జరిపినా ఒక చోట కలిస్తే ఇంకోచోట విడిపోతోంది. ఇలా జరిగితే టేపుతో యుద్ధం చేయకండి, ఆ పేజీ మళ్లీ తీయండి.

పద్ధతి:

1. పేజీల వెనక పెన్సిల్‌తో 1, 2, 3, 4 అని వేయండి.
2. ప్రతి పేజీకి కుడి అంచు మాత్రమే కట్ మార్క్ దగ్గర కోయండి. ఎడమ అంచు కిందికి వెళ్తుంది, దాన్ని వదిలేయండి.
3. కిటికీ అద్దం మీద రెండు పేజీలు పెట్టి, వెలుతురులో రోడ్డు మీద రోడ్డు పడేలా జరపండి.
4. టేపు వెనకవైపే వేయండి. ముందువైపు వేస్తే మెరుపుకి అక్షరాలు కనబడవు.
5. మడత జంక్షన్ మీద పడకుండా, ఒక మడత ముందుకి, ఒకటి వెనక్కి, అకార్డియన్ పెట్టెలా మడవండి.

## 10. తేడా వస్తే ఏం చూడాలి

అక్షరాలు రెండేసిగా కనిపిస్తే: ప్రింట్ హెడ్ వరుస తప్పింది. ప్రింటర్ మెనూలో హెడ్ అలైన్‌మెంట్ చేయండి.

అడ్డంగా తెల్లచారలు వస్తే: నాజిల్ చెక్ తీసి, అవసరమైతేనే హెడ్ క్లీనింగ్. వరుసగా నాలుగైదు సార్లు చేస్తే ఇంకంతా వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది.

పేర్లలో అక్షరాల బదులు డబ్బాలు వస్తే: ముఖ్యంగా తెలుగు పేర్లకి ఇలా అవుతుంది. అడోబీ రీడర్ ప్రింట్ విండోలో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ప్రింట్ యాజ్ ఇమేజ్ టిక్ పెట్టండి.

పేజీ సగంలో ఆగిపోతే: ఫైలు ప్రింటర్ మెమరీకి బరువైంది. దీనికీ ప్రింట్ యాజ్ ఇమేజ్ పనిచేస్తుంది, రిజల్యూషన్ 300 పెట్టండి.

చెమట చేతికి రంగు అంటుకుంటే: చాలా ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో నలుపు నీటికి కాస్త ఆగుతుంది, రంగులు ఆగవు. ప్రింట్‌ని ఫ్యాన్ కింద అరగంట ఆరబెట్టి, హైలైటర్ ఆ తర్వాతే వాడండి. ఆషాఢ పౌర్ణమికి వాన ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి, లామినేషన్ వద్దనుకుంటే జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్ చాలు. ఇంకో కాపీ తీసి, బృందంలో వెనక నడిచేవాళ్ల సంచిలో వేయండి. పది మందికి పంచేట్టయితే మూలన ఉన్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్స్ అనే చిన్న వరుసని కత్తిరించకండి, ఫైలులో లేకపోతే పెన్‌తో రాయండి. ఉచితంగా వాడుకోవడానికి వాళ్లు పెట్టిన షరతు అది.